కంటికి బాగానే ఉన్న పేగు

ఈ నెల నేను వ్రాస్తున్నది విరేచనముల గురించి. భోజనము చేస్తూ పత్రిక చదివే అలవాటు ఉన్నవారు కంచము కడుక్కున్నాక చదవండి. ఇటువంటి సంగతి సంఘ పత్రికలో ఎందుకని కొందరు అడుగుతారు. ఎవరము నోరు విప్పి మాట్లాడకపోవడము వలననే మా సంఘములోని ఒక తల్లి రెండున్నర సంవత్సరములు నలిగిపోయింది. అందులో నా తప్పు కూడా ఉంది. ఆమె అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాను. పేరు వద్దన్నది, ఊరు కూడా వద్దన్నది. నేను వైద్యుడను కాను గనుక, వైద్యమునకు సంబంధించిన మాటలను మా సంఘస్తుల అల్లుడు, వృత్తిరీత్యా వైద్యుడు, చదివి దిద్దియిచ్చాడు.

ఆమెకు అప్పుడు 61 ఏళ్ళు. మిరపకోతలకు వంగి వంగి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. స్త్రీల సమాజములో పాట ఎత్తుకోవాలంటే ఆమే ఎత్తుకోవాలి. అటువంటి మనిషి క్రమముగా వెనుక వరుసలోనికి, ఆ తరువాత గుమ్మము దగ్గరకు జరిగింది. ప్రసంగము మధ్యలో లేచి వెళ్ళిపోయేది. నాకు మొదట కోపము వచ్చింది. వాక్యము మీద ఆసక్తి తగ్గిందనుకున్నాను.

తరువాత తెలిసింది, ఆమెకు విరేచనాలు. పగలు ఆరు ఏడుసార్లు, రాత్రి రెండు మూడుసార్లు. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు అమీబాకని బిళ్ళలిచ్చాడు, నులిపురుగులకని ఇచ్చాడు, రెండుసార్లు సెలైను ఎక్కించాడు. నాలుగు రోజులు తగ్గినట్లే ఉండి మళ్ళీ మొదలయ్యేది. దానిమ్మ తొక్కల కషాయము, మజ్జిగలో మెంతులు, ఎవరో చెప్పిన సంగ్రహణి మందు, అన్నీ అయిపోయాయి. పొరుగింటివారు చేతబడి అన్నారు. విశ్వాసులలో కొందరు ఒప్పుకోని పాపమేదో ఉందన్నారు. మనవాళ్ళు చేతబడిని నమ్మరు గాని, దాని స్థానములో ఈ మాట పెట్టుకుంటారు. ఎనిమిది కిలోల బరువు తగ్గింది.

కొడుకు పట్నము తీసుకొనిపోయి పెద్ద ఆసుపత్రిలో కొలనోస్కోపీ చేయించాడు. పెద్దపేగులోనికి కెమెరా ఉన్న సన్నని గొట్టము పంపి చూసే పరీక్ష అది. పుండు లేదు, గడ్డ లేదు, వాపు లేదు. నార్మల్ అని కాగితము ఇచ్చారు. ‘ఇది నరాల బలహీనత, బెంగ పెట్టుకోకండి’ అని నిద్రమాత్రలు వ్రాశారు.

ఆ కాగితము నేను చూశాను. క్యాన్సరు కాదని తెలిసి నిజముగానే సంతోషించాను. వచ్చే ఆదివారము సాక్ష్యము చెప్పమన్నాను. ఆమె, ‘అయ్యగారూ, ఇంకా తగ్గలేదు’ అన్నది. నేను, ‘అమ్మా, పేగు బాగానే ఉందని డాక్టరే వ్రాసిచ్చాడు కదా, విశ్వాసముతో చెప్పండి’ అన్నాను. ఆమె లేచి నిలబడింది. నాలుగు మాటలు చెప్పింది. అయిదో మాట దగ్గర ఆగి, చీర కొంగు నడుముకు చుట్టుకొని, మనుషుల మధ్యనుండి బయటికి పరుగెత్తింది. గుమ్మము దాటేలోపే ఆలస్యమైపోయింది. ముందు వరుసలలోని పిల్లలు నవ్వారు. నేను పాట అందుకున్నాను.

ఆ తరువాత ఏడు నెలలు ఆమె ఆరాధనకు రాలేదు.

నేను రెండుసార్లు ఇంటికి వెళితే, ‘బాగానే ఉన్నానయ్యా’ అని పంపేసింది. నా భార్య వెళ్ళి వంటింట్లో కూర్చుంటే గాని అసలు సంగతి బయటపడలేదు. ఆడవారు ఇటువంటివి పాస్టరుతో చెప్పరు, చెప్పమనడము కూడా న్యాయము కాదు. ఆమె చెప్పినది ఇది. ‘అమ్మగారూ, నెత్తురు పడదు, బంక పడదు, జ్వరం లేదు. కుళాయి తిప్పినట్టు నీళ్ళు. వచ్చిందంటే ఆగదు. శనివారం మధ్యాహ్నం నుంచి ఏమీ తినేదాన్ని కాదు, ఆదివారం గుళ్ళో గంటసేపు కూర్చుందామని. అయినా ఆగేది కాదు. రాత్రి చీకట్లో చెంబు పట్టుకుని పోవాలంటే పాములు.’ నా భార్య ఇంటికి వచ్చి ఈ మాటలు చెబుతూ ఏడ్చింది. ‘రిపోర్టు బాగుందని మీరు ఆమెను నిలబెట్టారు, ఆమె బాగుందో లేదో మనమెవరమూ అడగలేదు’ అన్నది.

ఆ వారములోనే, పైన చెప్పిన వైద్యునికి ఫోను చేశాను. ఆయన రెండు మాటలు చెప్పాడు. మొదటిది: రాత్రిపూట నిద్రలో లేపి మరీ వచ్చే విరేచనము బెంగ వలన వచ్చేది కాదు, దానికి శరీరములో కారణము వెదకాలి. రెండవది: ‘కెమెరాతో చూసినప్పుడు ముక్క తీశారా?’ రిపోర్టు మళ్ళీ తీసి చూశాము. తీయలేదు.

పాఠకులు ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే చాలు, మిగిలినదంతా మరిచిపోయినా ఫరవాలేదు. నెలల తరబడి నీళ్ళ విరేచనాలు అవుతున్న మనిషికి కొలనోస్కోపీలో అంతా బాగానే ఉందంటే, ముక్క తీశారా అని అడగాలి. కంటికి బాగానే కనబడే పేగులో వాపు ఉండవచ్చు. దానిని మైక్రోస్కోపిక్ కొలైటిస్ అంటారు. సూక్ష్మదర్శినిలో మాత్రమే కనబడే పెద్దపేగు వాపు అని అర్థము.

రెండోసారి గొట్టము పరీక్ష అంటే కొడుకు వెనుకాడాడు. ఖర్చు సంగతి ఒకటి, ముందురోజు పొడి కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ త్రాగి పేగు కడుక్కోవాలన్నది ఇంకొకటి. ఇప్పటికే నీరైపోయిన మనిషికి మళ్ళీ విరేచనాల మందా అని అతని బాధ. చివరకు వెళ్ళారు. అక్కడి డాక్టరు పరీక్షకు ముందు అడిగినది పేగు గురించి కాదు. ‘అమ్మా, మీరు రోజూ మింగే బిళ్ళలన్నీ తెచ్చారా?’ అని అడిగాడు. ఆమె సంచి విప్పింది. మోకాళ్ళకు మూడేళ్ళుగా రోజూ రెండు పూటలా నొప్పుల బిళ్ళ, డైక్లోఫెనాక్. అది కడుపులో మంట పుట్టిస్తుందని దాని వెంట గ్యాస్ బిళ్ళ, ఒమెప్రజోల్. రెండూ చీటీ లేకుండా మందుల షాపులో కొన్నవే.

ఆయన కుడివైపు పేగునుండీ ఎడమవైపు పేగునుండీ విడివిడిగా కొన్ని ముక్కలు తీశాడు. ఒక్కొక్కటి బియ్యపు గింజ విరిగితే వచ్చే నూక అంత. పేగు లోపలి పొరకు గిల్లితే నొప్పి తెలియదు గనుక ఆమెకు తీసిన సంగతే తెలియలేదు. రెండు వైపులా ఎందుకు తీయాలంటే ఈ వాపు అన్నిచోట్లా సమానముగా ఉండదు. చివరి భాగములోనుండి మాత్రమే తీస్తే దొరకకుండా పోవచ్చు.

వారము తరువాత ఫలితము వచ్చింది: కొలాజినస్ కొలైటిస్.

ఈ జబ్బులో రెండు రకములున్నాయి. పేగు లోపలి గోడను ఒక పొర కణములు పరిచిన బండల్లాగా కప్పియుంటాయి. ఆ కణముల మధ్యలోనికి లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణములు అక్కడక్కడ రావడము మామూలే. నూరు కణములకు 20 గాని అంతకంటె ఎక్కువ గాని చొరబడితే అది లింఫోసైటిక్ కొలైటిస్. ఆ బండల క్రింద కొలాజెన్ అనే నారవంటి పదార్థము పల్చగా పరచుకొని ఉంటుంది. అది 10 మైక్రోమీటర్లు మించి మందమైతే కొలాజినస్ కొలైటిస్. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రోమీటర్లు. అనగా వెంట్రుకలో ఏడవ వంతు మందమున్న పట్టీ ఒకటి ఆ తల్లిని ఏడు నెలలు గుడికి రానివ్వలేదు. కెమెరా దానిని ఎలా చూస్తుంది?

విరేచనము నీళ్ళలా ఎందుకు అవుతుందంటే, చిన్నపేగునుండి పెద్దపేగులోనికి రోజుకు లీటరు మొదలు లీటరున్నర వరకు నీరు చేరుతుంది. ఆరోగ్యమైన పెద్దపేగు అందులో చాలా భాగము పీల్చుకొని, గ్లాసుకు తక్కువ నీటిని మాత్రమే బయటికి వదులుతుంది. ముందు ఉప్పును పీలుస్తుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. వాపు ఉన్న పేగు ఆ ఉప్పును సరిగా పీల్చలేదు, నీరు లోపలే నిలిచిపోతుంది. అందుకే నెత్తురూ బంకా లేకుండా ఉత్త నీళ్ళు.

స్వీడన్‌లో మాల్మో నగరమున పనిచేసిన లిండ్‌స్ట్రోమ్ అనే వైద్యుడు 1976లో కొలాజెన్ పట్టీ సంగతి మొదట వ్రాశాడు. ఆయన చూసిన రోగి కూడా ఏళ్ళ తరబడి నీళ్ళ విరేచనాలతో బాధపడిన ఒక స్త్రీయే. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనే పేరు 1980లో వచ్చింది, లింఫోసైట్ల రకమును 1989లో వేరుగా గుర్తించారు. అంతకుముందు ఈ జబ్బు లేదని కాదు. ఉన్నవారిని బెంగ మనుషులని పంపివేశారు. ఇప్పటికీ చాలామందికి ఐ.బి.ఎస్. అనే పేరు అంటించి ఊరుకుంటున్నారు.

ఇది ఎవరికైనా రావచ్చు గాని 50 దాటినవారిలో ఎక్కువ, పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. పొగ త్రాగేవారికి ఎక్కువ. థైరాయిడు జబ్బు, కీళ్ళవాతము, ఇన్సులిన్ మీద ఆధారపడే మధుమేహము, గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారిలో కొంత ఎక్కువ. కొన్ని మందులతో దీనికి సంబంధమున్నట్లు వైద్యులు గమనించారు: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పుల బిళ్ళలు, ఆస్పిరిన్, ఒమెప్రజోల్, ల్యాన్సొప్రజోల్ వంటి గ్యాస్ బిళ్ళలు, మనోవ్యాధికి ఇచ్చే సెర్ట్రలిన్. మింగిన ప్రతివారికీ ఈ జబ్బు వస్తుందని కాదు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వ్యాసము చదివి ఎవరూ మందులు తమంతట తాము ఆపవద్దు. గుండెకు వాడే ఆస్పిరిన్ ఆపితే ప్రాణము మీదికి రావచ్చు. మనసుకు వాడే మందులు ఉన్నట్టుండి మానితే మనిషి తల్లడిల్లిపోతాడు. సంచి పట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్ళండి, ఏది ఆపాలో ఆయన చెబుతాడు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి, ఏ వాపూ లేకుండానే, విరేచనాలు చేస్తుంది. అదీ సంచిలో ఉండాలి.

మన దేశములో నీళ్ళ విరేచనమనగానే ఈ జబ్బే అనుకోకూడదు. జియార్డియా అనే సూక్ష్మజీవి ఉంటుంది, థైరాయిడు ఉంటుంది, సీలియాక్ ఉంటుంది, పేగు క్షయ ఉంటుంది. మల పరీక్ష, రక్త పరీక్ష ముందు చేస్తారు. పేగు క్షయ సంగతి మరీ ముఖ్యము, ఎందుకంటే మైక్రోస్కోపిక్ కొలైటిస్‌కు ఇచ్చేది స్టెరాయిడు జాతి మందు. లోపల క్షయ ఉండగా స్టెరాయిడు ఇస్తే క్షయ విజృంభించవచ్చు. కనుక ఊళ్ళో ఎవరికో తగ్గిందని వారి మాత్రలు అడిగి మింగవద్దు. విరేచనములో నెత్తురు పడినా, జ్వరము వచ్చినా, రక్తము తగ్గి పాలిపోయినా అది వేరే దారి, ఆలస్యము చేయక చూపించుకోవాలి.

వైద్యము విషయానికి వస్తే, ఆ డాక్టరు మొదట నొప్పుల బిళ్ళ, గ్యాస్ బిళ్ళ ఆపించాడు. మోకాళ్ళకు పారాసెటమాల్, వేడి కాపడము, కుర్చీలో కూర్చొని కాలు చాపి మడిచే వ్యాయామము చెప్పాడు. జబ్బు తేలికగా ఉన్నవారికి ఇంతమాత్రముతోను, విరేచనము అదుపుచేసే లోపెరమైడ్‌తోను సరిపోతుందట. ఈమెకు బరువు కూడా తగ్గింది గనుక బ్యుడెసొనైడ్ వ్రాశాడు. రోజుకు 9 మిల్లీగ్రాములు, ఎనిమిది వారములు. ఈ మందు పేగులోనికి చేరిన తరువాతనే విడుదలయ్యేలాగు తయారుచేస్తారు. అక్కడ పని చేసి రక్తములోనికి వెళ్ళినది, కాలేయము గుండా పోతూనే దాదాపు తొంబై వంతులు విరిగిపోతుంది. అందుచేత మామూలు స్టెరాయిడ్ల వలన వచ్చే ముఖము ఉబ్బు, షుగరు పెరగడము వంటివి తక్కువ. ఇదే పేరుతో ఉబ్బసమునకు పీల్చే మందు కూడా ఉంది. మా దగ్గరి మందుల షాపతను చీటీ చూసి అదే తెచ్చియిచ్చాడు. కొడుకు చదువుకున్నవాడు గనుక పట్టుకున్నాడు.

పదవ రోజున ఆమె నా భార్యకు ఫోను చేసి, ‘అమ్మగారూ, రాత్రి లేవలేదు’ అన్నది. అంతే అన్నది.

నూటికి ఎనభై మందికి ఈ మందుతో ఇలాగే గుణము కనబడుతుంది. కాని మందు ఆపిన తరువాత సగానికి పైగా రోగులలో జబ్బు తిరగబెడుతుంది. ఇది మాకు ముందు తెలియదు. డాక్టరు చెప్పియుండవచ్చు, మేము వినలేదేమో. మందు క్రమముగా తగ్గించి ఆపారు. ఆమె కృతజ్ఞతార్పణ చెల్లించింది, ఆరాధనలో మళ్ళీ పాట ఎత్తుకొన్నది. మూడు నెలలకు నీళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. కానుక ఇచ్చి సాక్ష్యము చెప్పిన మనిషి మళ్ళీ జబ్బు వచ్చిందని ఏ ముఖముతో చెబుతుంది? మళ్ళీ శనివారము పస్తులు. మూడు వారములు అలా గడిచాక నా భార్యే ఆమె దవడలు చూసి కనిపెట్టింది. ఈసారి డాక్టరు మందు మళ్ళీ మొదలుపెట్టి, పూర్తిగా ఆపకుండా రోజుకు 3 మిల్లీగ్రాముల దగ్గర నిలిపాడు. ఎక్కువ కాలము వాడవలసి వస్తే ఎముకలు బలహీనపడకుండా కాల్షియము, విటమిన్ డి ఇస్తారు, కళ్ళు కూడా చూపించుకోమంటారు. బ్యుడెసొనైడ్‌తో తగ్గనివారికి పైత్యరసమును పట్టివుంచే కొలెస్టిరమైన్ పొడి వంటివి ఉన్నాయి. రోగనిరోధక శక్తిని అణచే మందుల అవసరము కొద్దిమందికే పడుతుంది. ఈ జబ్బు క్యాన్సరుగా మారదు. ఒకరినుండి ఒకరికి అంటుకోదు. ఈ రెండు మాటలు ఆమె చేత నాలుగుసార్లు చెప్పించుకొన్నాను, పొరుగువారు అడిగితే చెప్పడానికి.

తిండి విషయములో పెద్ద పథ్యము ఏమీ లేదు. ఆమెకు పాలు, కాఫీ పడలేదు గనుక మానేసింది, మజ్జిగ పడింది. గోధుమ మానాలా అంటే, సీలియాక్ ఉన్నట్లు పరీక్షలో తేలితేనే మానాలి. విరేచనాలు ఎక్కువైన రోజున లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగాలి. షుగరు ఉన్నవారు డాక్టరును అడిగి త్రాగండి. అది విరేచనమును ఆపదు, మనిషిని నిలబెడుతుంది.

ఇక వాక్యము సంగతి. పన్నెండేళ్ళ రక్తస్రావముగల స్త్రీని గురించి మార్కు 5వ అధ్యాయములో చదువుతాము. అనేక వైద్యుల చేత బాధపడి, ఉన్నదంతా ఖర్చుపెట్టుకొని, ఇంకా క్షీణించిందని మార్కు నిర్మొహమాటముగా వ్రాశాడు. లూకా తానే వైద్యుడు, ఎవరిచేతను ఆమె స్వస్థత పొందలేదని మాత్రము వ్రాసి ఊరుకున్నాడు. ఈ తేడా చూసినప్పుడెల్లా నాకు నవ్వు వస్తుంది. అదే లూకా అపొస్తలుల కార్యములు 28లో, మెలితే ద్వీపములో పొప్లి తండ్రికి ఉన్నది జ్వరమూ రక్తభేదీ అని విడమరచి చెప్పాడు, ఊరకే కడుపు జబ్బు అనలేదు. మందులు వాడడము అవిశ్వాసమనేవారు ఆసా రాజును చూపిస్తారు. ఆసా దోషము వైద్యుల దగ్గరకు పోవడము కాదు, దేవునిని విడిచిపెట్టడము. హిజ్కియా పుండు మీద అంజూరపు ముద్ద కట్టమన్నది యెషయా ప్రవక్తయే.

నేను ఆ తరువాత ఎవరినీ రిపోర్టు చూసి సాక్ష్యమునకు నిలబెట్టలేదు. ఆ తల్లి దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగాను. ఆమె, ‘మీరు మాత్రం ఏం చేస్తారయ్యా, డాక్టరుకే కనబడలేదు’ అన్నది. కొంచెము ఆగి, ‘అయితే అయ్యగారూ, గుళ్ళో ఒక బాత్రూం ఉంటే ఆ రోజు నేను రోడ్డు మీదికి పరుగెత్తేదాన్ని కాదు’ అన్నది.

అరవై ఏళ్ళ క్రింద కట్టిన గుడి మాది. గోపురము మీద గంట ఉంది, మైకు ఉంది, క్రిస్మస్‌కు రంగు దీపాలున్నాయి. మరుగుదొడ్డి లేదు. గర్భిణులు, షుగరు ఉన్నవారు, ముసలివారు మూడు గంటల ఆరాధనలో ఎలా కూర్చుంటున్నారో ఇన్నేళ్ళలో ఒక్క కమిటీలోనూ మాటకు రాలేదు. కమిటీలో అందరము మగవారమే. నేను ప్రస్తావిస్తే ఒక పెద్ద ఏ మూల కట్టాలో వాస్తు చూడాలన్నాడు. ఇంకొకాయన, ‘విశ్వాసులకు వాస్తేమిటండీ’ అని నవ్వాడు. అక్కడితో అది తేలిపోయింది. సిమెంటు ఒకరు, ఇటుక ఒకరు, తలుపు ఆమె కొడుకు ఇచ్చారు. నీళ్ళ ట్యాంకు స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మిన డబ్బుతో పెట్టించారు.

గుడి వెనుక, గుమ్మమునుండి పదిహేను అడుగుల దూరములో ఉంది. తాళము చెవి స్త్రీల సమాజము కార్యదర్శి దగ్గర ఉంటుంది. ఆదివారము మాత్రము తాళము వేయరు.